కథ దాచుకున్నాం, అట్ట చింపేశాం

(హైదరాబాద్ చిక్కడపల్లిలో ఒక ఆదివారం సాయంత్రం పుస్తకప్రియుల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

పిలుపు కార్డులో నా పేరు కింద ‘సాహిత్యాభిమాని’ అని వేశారు. అది చూసి మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. ఈ రెండు పెట్టెల్లో నేను మోసుకొచ్చిన పుస్తకాలు 180 దాకా ఉంటాయి. అందులో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నేను చదివినవి పాతిక ఉంటే గొప్ప. మిగతావన్నీ అట్ట మీద బొమ్మ కోసం కొన్నవే. డిటెక్టివ్ నవల కొంటాను, హంతకుడెవరో నాకు అక్కర్లేదు. హంతకుడి టోపీ మీద వెలుగు ఎటునుంచి పడుతోందో చూసి మురిసిపోతాను. కాబట్టి సాహిత్యం గురించి వినాలని వచ్చినవాళ్లెవరైనా ఉంటే మొహమాటపడకండి, వెనక తలుపు తీసే ఉంది. (నవ్వులు)

నాకీ పిచ్చి చదువు వల్ల రాలేదు, ఉద్యోగం వల్ల వచ్చింది. పాతికేళ్లు ఈ ఊళ్లోనే ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో ప్రాసెస్ కెమెరా మీద పనిచేశాను. ఆ కెమెరా చేతిలో పట్టుకునేది కాదు. దాదాపు ఒక గదంత ఉంటుంది. ఒక చివర బోర్డుకి బొమ్మని బిగించి, రెండు పక్కలా లైట్లు వేసి, ఇవతల చీకటిగదిలో ఫిల్ము పెట్టి తీస్తాం. రంగుల బొమ్మయితే ఒకే బొమ్మని నాలుగుసార్లు తీయాలి. ఎర్ర ఫిల్టర్ పెడితే సయాన్, అంటే ఒక రకం లేతనీలం నెగటివ్, ఆకుపచ్చ పెడితే మెజెంటా, అంటే ముదురు గులాబీ, నీలం పెడితే ఎల్లో. నలుపు వేరే. మధ్యలో ఒక స్క్రీన్ ఉంటుంది, అది రంగుని సన్నటి చుక్కలుగా విడగొడుతుంది. ఒక్కో రంగుకి స్క్రీన్‌ని ఒక్కో కోణంలో తిప్పాలి. నలుపుకి 45 డిగ్రీలు, మెజెంటాకి 75, సయాన్‌కి 15. కోణం కాస్త తప్పిందా, అచ్చులో హీరోయిన్ బుగ్గ మీద గళ్ల చీర పరిచినట్టుంటుంది. అలాంటి ప్రూఫ్ చూసినప్పుడు మా ఫోర్‌మన్ తిట్టే తిట్లు ఈ సభలో చెప్పేవి కావు.

అందుకని మీకు అట్ట చూడగానే బొమ్మ కనిపిస్తే, నాకు ముందు చుక్కలు కనిపిస్తాయి. రోజుకి ఎనిమిది గంటలు ఇదిగో ఈ చిన్న భూతద్దం గాజులోంచి ఒకరు వేసిన బొమ్మని చూస్తూ కూర్చుంటే, ఆ మనిషిని మనం ఎప్పుడూ కలవకపోయినా ఆ చేయి పరిచయం అవుతుంది. ఈయన కళ్లు ముందు వేసి ముక్కు తర్వాత వేస్తాడు, ఈయనకి చేతివేళ్లు రావు కాబట్టి ఎప్పుడూ జేబులో పెట్టిస్తాడు, ఇలా.

సరే, ఈ అట్టలు నాకు దొరికే ఆబిడ్స్‌కి వద్దాం. ఆదివారం ఆబిడ్స్ మీ అందరికీ తెలిసిందే. దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పట్టాలు పరిచి పుస్తకాలు పోస్తారు. పోటీ పరీక్షల గైడ్ల పక్కన పాత వంటల పుస్తకం, దాని మీద పేరు ఊడిపోయిన ఇంగ్లిష్ నవల. అరలు లేవు కాబట్టి అన్నీ వెల్లకిలా పడుకుని ఉంటాయి. షాపులో పుస్తకం మనకి వీపు చూపిస్తుంది. ఫుట్‌పాత్ మీద మొహం చూపిస్తుంది. ఇది చిన్న తేడా అనుకోకండి. రంగులతో పెయింట్ చేసిన అట్టలు పుట్టిందే ఈ తేడా వల్ల.

ఎలాగంటారా. 1935లో ఇంగ్లండులో అలెన్ లేన్ పెంగ్విన్ పుస్తకాలు తెచ్చాడు. ఒక్కోటి ఆరు పెన్నీలు. వాటి అట్ట మీద కథకి బొమ్మ ఉండదు. పైన ఒక రంగు పట్టీ, కింద ఒక రంగు పట్టీ, మధ్యలో తెల్ల పట్టీ మీద పేరు. నవలయితే నారింజ రంగు, నేరకథయితే ఆకుపచ్చ. పెద్దమనిషి తరహా అన్నమాట, నేనెవరో నువ్వే తెలుసుకో అన్నట్టుంటుంది. 1939లో అమెరికాలో పాకెట్ బుక్స్ వాళ్లు 25 సెంట్లకి పుస్తకం అమ్మడం మొదలుపెట్టారు. వాళ్లు పుస్తకాల షాపుల్నే నమ్ముకుని కూర్చోలేదు. మందుల షాపుల్లో, పేపర్లమ్మే చోట, రైల్వేస్టేషన్లలో తీగ స్టాండ్లు పెట్టి అందులో పుస్తకాలు నిలబెట్టారు. తలనొప్పి మాత్ర కోసం వచ్చినవాడు చిల్లర తిరిగి తీసుకునేలోగా ఆ పుస్తకం వాణ్ని పట్టుకోవాలి. రచయిత పేరు ఆ పని చేయలేదు. బొమ్మ చేస్తుంది.

1950లో గోల్డ్ మెడల్ అని ఫాసెట్ వాళ్ల శాఖ వచ్చాక ఇది ఇంకా ముదిరింది. అప్పటిదాకా చాలామటుకు గట్టి అట్టతో వచ్చిన నవలనే మళ్లీ చౌకగా వేసేవారు. వీళ్లు కొత్త నవలని నేరుగా పేపర్‌బ్యాక్‌లోనే వేయడం మొదలుపెట్టారు. ముందు పేరు రాలేదు, పత్రికల్లో సమీక్ష రాలేదు. ఆ పుస్తకానికి ఉన్న ప్రచారమల్లా అట్టే. అందుకే ఆ కాలంలో అట్టలు వేసినవాళ్లు మామూలు చేయి ఉన్నవాళ్లు కాదు. జేమ్స్ అవాటి అని ఒకాయన ఉండేవాడు, సిగ్నెట్ పుస్తకాలకి వేసేవాడు. పెచ్చులూడిన గోడ, దాని ముందు ఒకరి మొహం ఒకరు చూసుకోని ఇద్దరు మనుషులు. అంతే. కథ చదవక్కర్లేదు, ఆ ఇంట్లో ఏం జరిగిందో తెలిసిపోతుంది. రాబర్ట్ మెక్‌గినిస్ అని ఇంకొకాయన, 2025 మార్చిలో 99 ఏళ్ల వయసులో పోయాడు. పేపర్‌బ్యాక్ అట్టలే 1,200 పైన వేశాడు. పెర్రీ మేసన్ నవలలు చదివినవాళ్లు ఇక్కడ ఉండే ఉంటారు. కొన్నింటి మీద పొడుగు కాళ్ల అమ్మాయి తెల్లటి ఖాళీలో నిలబడి ఉంటుంది చూడండి, అది ఆయన చేయి.

ఇక నాకు ప్రాణమైనది ఇదిగో. కాస్త వెనకవాళ్లకి కూడా కనిపించేలా ఎత్తి పట్టుకో బాబూ. డాక్ సావేజ్. 1930లలో అమెరికాలో చౌక పత్రికల్లో వచ్చిన కథలివి. బాంటమ్ వాళ్లు 1964 నుంచి పేపర్‌బ్యాకులుగా వేశారు. అట్టలు వేసింది జేమ్స్ బామా. చిరిగిన చొక్కా, కంచు బొమ్మలాంటి ఒళ్లు. స్టీవ్ హాలండ్ అనే నటుణ్ని పిలిపించి, నిలబెట్టి ఫోటోలు తీసుకుని, వాటిని చూసి వేసేవాడు. ఆ చొక్కా చూడండి. చొక్కా చిరిగింది కానీ చిరుగు ఎక్కడుండాలో లెక్క ప్రకారం చిరిగింది. కండ మీద వెలుగు పడే చోటే చిరిగింది. చుట్టూ ఒకటే రంగు. ఆకుపచ్చ అయితే మొత్తం ఆకుపచ్చ, మనిషి మొహం మీద నీడ కూడా ఆకుపచ్చే. ఆబిడ్స్‌లో 20 రూపాయలకి తెచ్చాను. ఇచ్చినతను నన్ను బొమ్మల సాబ్ అంటాడు. ‘పఢ్‌తే నై ఆప్, సిర్ఫ్ దేఖ్‌తే’ అని ఇంకో 10 రూపాయలు ఎక్కువ అడిగాడు. చూడ్డానికి రేటు ఎక్కువట. న్యాయమే.

ఇంకో సంగతి గమనించండి. బొమ్మలో పై మూడోవంతు ఖాళీ. ఆకాశమో, గోడో, పొగో. అది చిత్రకారుడికి ఏం వేయాలో తోచక వదిలింది కాదు. అక్కడ పుస్తకం పేరు రావాలి. నవల పేరు పొడుగైతే ఆకాశం పెద్దది, రచయితకి పేరున్న కొద్దీ బొమ్మలో మనుషులు కిందికి జరుగుతారు. రచయితకి ఎంత గిరాకీ ఉందో ఆకాశం కొలిచి చెప్పొచ్చని నేను సరదాకి అంటుంటాను.

కామిక్స్ సంగతి చెప్పకపోతే ఈ ముందు వరుసలో కూర్చున్న మా మిత్రుడు ఊరుకోడు. మన తరానికి కామిక్ అంటే ఇంద్రజాల్. 1964 మార్చిలో టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్లు మొదలుపెట్టారు, ఫాంటమ్ కథతో. 1990లో ఆగిపోయింది. లోపల బొమ్మలు అమెరికా పేపర్లలో రోజూ వచ్చే స్ట్రిప్పులవి, వాటిని కోసి పేజీలుగా అతికించినవి. అట్ట మాత్రం ఇక్కడ మన దేశంలో వేసింది. గోవింద్ బ్రహ్మానియా పేరు గుర్తుంచుకోండి. ఇంద్రజాల్‌లో వచ్చిన మన దేశపు హీరో బహదూర్‌ని ఆబిద్ సుర్తీ సృష్టిస్తే, బొమ్మలు వేసింది ఈయనే. ఫాంటమ్ అడవిలో చెట్లు చూడండి, లోపల ఒకలా ఉంటాయి, అట్ట మీద ఒకలా. అట్ట మీద మర్రి ఊడలు దిగిపోతాయి. అమెరికా చిత్రకారుడికి మర్రి ఊడలు ఏం తెలుసు! చిన్నప్పుడు నాకు అందుకే అట్ట మీది అడవి అంటే భయం, లోపలి అడవి అంటే భయం లేదు.

క్లాసిక్స్ ఇలస్ట్రేటెడ్ అని ఇంకో రకం. పెద్ద పెద్ద నవలల్ని కామిక్‌గా వేసేవారు. పరీక్షకి ముందు రోజు ఇవి చదివి పాసైనవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. మొదట్లో వీటికి మామూలు గీతల అట్టలే. 1951లో 81వ నంబరుతో పెయింట్ చేసిన అట్ట మొదలైంది. తర్వాత పాత నంబర్లకి కూడా కొత్తగా బొమ్మలు వేయించి మళ్లీ అచ్చువేశారు. అంచేత ఒకే నంబరుకి రెండు మొహాలు ఉంటాయి. ఏ అచ్చు ఎప్పటిదో తెలుసుకోవడానికి ఒక చిట్కా. వెనక అట్ట మీద తెప్పించుకోదగ్గ పుస్తకాల జాబితా ఉంటుంది. అందులో అన్నిటికన్నా పెద్ద నంబరు చూడండి. మీ చేతిలో ఉన్నది 90వ పుస్తకమై, జాబితా 160 దాకా పోయిందనుకోండి, అది చాలా తర్వాత వేసిన అచ్చు. లోపల సంవత్సరం ఏదైనా వేసి ఉండొచ్చు, దాన్ని నమ్మకండి, జాబితాని నమ్మండి.

కమాండో అనే యుద్ధకథల కామిక్ పుస్తకాలు కూడా తెచ్చాను. 1961 నుంచి స్కాట్లండ్‌లో డి.సి. థామ్సన్ వాళ్లు వేస్తున్నారు, చిన్న సైజు, లోపల నలుపు తెలుపు, అట్ట మాత్రం మంటలు మండిపోతుంది. మొదటి అట్ట వేసింది కెన్ బార్. టేబుల్ మీద పెడతాను, చూసుకోండి. యుద్ధం నాకంత ఎక్కదు, పొగ బాగా వేశారని కొన్నాను.

ఇప్పుడు మన తెలుగు పుస్తకాల దగ్గరికి. ఇక్కడే నా అసలు గొడవ.

అమెరికాలో అట్టంటే రంగుల పెయింటింగు. మన దగ్గర పాకెట్ పుస్తకాలు జోరుగా వస్తున్న రోజుల్లో, అంటే కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ని జనం బస్టాండుల్లో ఎగబడి కొంటున్న రోజుల్లో, ఎక్కువ అట్టలు గీతల బొమ్మలే. రెండు రంగులు, మహా అయితే మూడు. మనవాళ్లకి రంగులు వేయడం రాకనా? కానే కాదు. బ్లాకు ఖర్చు, అంటే అచ్చువేయడానికి బొమ్మని ఎక్కించే రేకు ఖర్చు. గీత బొమ్మకి జింకు రేకు మీద లైన్ బ్లాకు చేయిస్తే చాలు, చౌక. నీడలు, మెరుపులు ఉన్న పెయింటింగ్‌ని అచ్చువేయాలంటే చుక్కల బ్లాకులు కావాలి, మూడు రంగులకి మూడు, ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా పడాలి, కాగితం నున్నగా ఉండాలి. రూపాయి పుస్తకానికి ఇవన్నీ ఎవరు పెడతారు? కాబట్టి గీతలో మొనగాళ్లు మనకి పుట్టారు. బాపు గారి గీత గొప్పతనం గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ప్రెస్సువాణ్ని కాబట్టి ఒక్కటే చెబుతాను. బాపు బొమ్మ ఎంత చెత్త కాగితం మీద, ఎంత అరిగిన బ్లాకుతో వేసినా పాడు కాదు. రంగు పక్కకి జరిగిందా, జరిగినా బావుంటుంది. అచ్చుయంత్రం చేయగల ద్రోహాలన్నీ ముందే ఊహించి గీసినట్టుంటుంది.

మరి రంగుల పెయింటింగు ఎక్కడ బతికింది? పిల్లల పత్రిక మీద. చందమామ 1947 జూలైలో మొదలైంది. దాన్ని తెచ్చినవాళ్లలో ఒకరైన నాగిరెడ్డి గారికి మద్రాసులో సొంతంగా బి.ఎన్.కె. ప్రెస్ ఉండేది. సొంత ప్రెస్సు ఉన్నవాడే రంగుల మీద పంతం పట్టగలడు, బయటి ప్రెస్సుకి బిల్లు కట్టేవాడు పట్టలేడు. ఎం.టి.వి. ఆచార్య గారు భారతం ఘట్టాలని అట్టలుగా వేశారు. ఆ అట్టల్లో గుర్రం మెడ మీద నరాలు కనిపిస్తాయి. ఆ తర్వాత వడ్డాది పాపయ్య గారు. వ.పా. అనే ఆ రెండక్షరాల సంతకం తెలియని తెలుగు ఇల్లు ఒకప్పుడు లేదు. 1921లో శ్రీకాకుళంలో పుట్టారు, 1992లో పోయారు. కశింకోటలో డ్రాయింగు మాస్టారు. చందమామకీ వేశారు, యువ మాసపత్రికకీ వేశారు.

ఇదిగో ఇది ఆయన అట్ట. మూల చిరిగిపోయింది, పైన ఎవరో పిల్లాడు బాల్‌పెన్నుతో లెక్క చేశాడు. పదిహేడు ఆరులు నూట రెండు, కరెక్టే చేశాడు. గాజు పెట్టి చీర అంచు చూడండి. అంచు పసుపు. ఆ అంచు నీడలోకి వెళ్లిన చోట మామూలుగా ఎవరైనా పసుపులో నలుపు కలుపుతారు, అది పేడరంగులోకి పోతుంది. ఇక్కడ చూడండి, నీడ కింద చుక్కల్లో నలుపు దాదాపు లేదు. ఎల్లో చుక్కల మధ్య మెజెంటా చుక్కలు పెరిగాయి, పక్కన కొంచెం సయాన్ వచ్చింది. అంటే ఆయన బొమ్మలోనే నీడని ఊదారంగుతో వేశారు. అందుకే ఇన్నేళ్లయినా ఆ నీడ మెరుస్తోంది. కెమెరా గదిలో ఇలాంటి బొమ్మ వస్తే పండగ, నలుపు నెగటివ్‌లో ఏమీ ఉండదు, పని తొందరగా అయిపోతుంది.

ఇప్పుడు చెప్పండి. ఇలాంటి అట్టలు నెలకొకటి చొప్పున దశాబ్దాలపాటు మన ఇళ్లలోకి వచ్చాయి. బాలమిత్ర, బొమ్మరిల్లు కూడా కలుపుకోండి. డిటెక్టివ్ నవలలు, వారపత్రికల అట్టలు, బాలి, చంద్ర, కరుణాకర్ వేసినవి కలుపుకోండి. అవన్నీ ఏమయ్యాయి?

మేమే చింపాం.

మా జనగామలో అద్దె పుస్తకాల షాపు ఒకటుండేది. రోజుకి పావలా. కొత్త నవల రాగానే ఆయన మొదట చేసే పని అట్ట పీకేయడం. గట్టి అట్టముక్కలు రెండు పెట్టి, దబ్బనంతో కుట్టి, పైన ఖాకీ కాగితం వేసి, స్కెచ్ పెన్నుతో పేరు రాసేవాడు. పాపం ఆయన తప్పేం లేదు, ఆ నవల 200 మంది చేతులు మారాలి. పీకిన అట్టల్ని షాపు గోడకి అంటించేవాడు, కొత్తవి వచ్చాయని తెలియడానికి. గోడకి సున్నం వేసినప్పుడల్లా ఒక పొర పోయేది. ఇళ్లలో ఆడవాళ్లు ఇంకో మహాకార్యం చేసేవారు. వారపత్రికలో సీరియల్ పేజీలు జాగ్రత్తగా చింపి, 40 వారాలవీ పోగుచేసి, కుట్టించుకునేవారు. మా అమ్మ పెట్టెలో అలాంటివి 11 ఉన్నాయి. వాళ్లు దాచకపోతే ఎన్నో నవలలు మనకి పత్రికలో వచ్చిన రూపంలో ఉండేవే కావు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ పత్రిక అట్ట? దాన్ని పిల్లల సైన్సు పుస్తకానికి అట్టగా వేసేవారు. లేకపోతే డబ్బాలో కందిపప్పు కింద పరిచేవారు.

మరి లైబ్రరీలు అంటారేమో. లైబ్రరీ బైండింగ్ కూడా అంతే కదా. పన్నెండు సంచికలు కలిపి కుడితే లావవుతుందని అట్టలు తీసేస్తారు. ఇక్కడే దగ్గర్లో లైబ్రరీకి చదువుకోవడానికి వెళ్లి బైండు చేసిన సంపుటాలు చాలా తిరగేశాను. కథలు పదిలంగా ఉన్నాయి, ధారావాహికలు పదిలంగా ఉన్నాయి, అట్టలున్న సంపుటం దొరికితే ఆ రోజు ఇరానీ చాయ్ నా ఖర్చే.

నన్నూ వదలకండి. 1986లో నేను కష్టపడి పోగుచేసిన పిల్లల మాసపత్రికలు 36 సంచికలు బైండింగుకి ఇచ్చాను. నాకు తెలిసిన బైండరే. వారం తర్వాత వెళ్తే మూడు చక్కటి సంపుటాలు, ఎర్ర కాలికో, బంగారు అక్షరాలు. తెరిచి చూస్తే ఒక్క అట్ట లేదు. మూడు వైపులా కటింగ్ మిషన్‌తో కోసేశాడు కూడా, లోపలి బొమ్మల్లో పాదాలు పోయాయి. ఏమయ్యా అట్టలేవి అంటే, ‘అట్టలెందుకు సార్, లోపల మేటరంతా ఉంది కదా’ అన్నాడు. మేటర్! ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో మోగుతుంది. రోజంతా అట్టలు అచ్చువేసే మనిషిని నేను. బైండరుకి ఒక్క మాట చెప్పాలని నాకు తట్టలేదు. అప్పటిదాకా నేనూ అట్ట అంటే పైతొక్క అనే అనుకున్నానన్నమాట.

అందుకే ఆబిడ్స్. ఇంట్లో దాచుకున్నవాటికి అట్ట లేదు, లైబ్రరీలో ఉన్నవాటికి అట్ట లేదు. ఎవరికీ అక్కర్లేక, ఎవరూ కుట్టించక, ఏ అటక మీదో పడి ఉండి, ఇల్లు ఖాళీ చేసినప్పుడు తూకానికి పోయి, ఆ తూకంలోంచి ఫుట్‌పాత్‌కి వచ్చినవాటికే అట్ట ఉంది. నిర్లక్ష్యం కాపాడింది వీటిని.

ఎవరో చేయెత్తారు. చెప్పండి సార్. (సభలోంచి: ‘వీటికి ఇప్పుడు ధర ఎంత పలుకుతుంది?’) ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. మంచి స్థితిలో ఉన్న పాత ఇంద్రజాల్ మొదటి సంచికలకి కొనేవాళ్లు గట్టిగానే ఇస్తారు. తెలుగు పాకెట్ నవలలకి పెద్ద ధర లేదు, అందుకే నాలాంటి పెన్షన్‌దారు కొనగలుగుతున్నాడు. దయచేసి పెంచకండి. (నవ్వులు) కొనేటప్పుడు మోసపోకుండా ఒక మాట మాత్రం. పాత అట్టని స్కాన్ చేసి కొత్తగా అచ్చువేసి పాతదని అమ్మేవాళ్లుంటారు. గాజు పెట్టి చూడండి. అసలు అచ్చులో చుక్కలు శుభ్రంగా, పువ్వుల్లా వరసగా ఉంటాయి. దాన్ని మళ్లీ తీసి వేస్తే చుక్కల మీద చుక్కలు పడి అలలు అలలుగా గజిబిజి కనిపిస్తుంది. గీతల అట్టయితే ఇంకా సులువు. పాత లైన్ బ్లాకు గీతలో చుక్క ఉండకూడదు, నిండు సిరా ఉండాలి. అంచు దగ్గర వేలితో తడిమితే కొంచెం అదిమిన గుర్తు కూడా తగులుతుంది.

దాచడం గురించి కూడా అడుగుతారు. టూకీగా చెబుతాను. సెల్లోటేపు వేయకండి, ఆ బంక పదేళ్లకి గోధుమరంగు మచ్చవుతుంది, తీస్తే బొమ్మ ఊడుతుంది. లామినేషన్ అసలే వద్దు. బజార్లో దొరికే మెత్తటి పీవీసీ కవరు సిరాకి అతుక్కుంటుంది, పాలీప్రొపిలీన్ సంచి అయితే మంచిది. కామిక్ పిన్నులు తుప్పుపడితే తీసేసి దారంతో కట్టండి. అన్నిటికన్నా ముఖ్యం, ఎండ తగలనివ్వకండి. మంగలి షాపులో అద్దం పక్కన పాత సినిమా పోస్టర్లు చూశారా, హీరో మొహం నీలంగా మారిపోయి ఉంటుంది. ఎండకి ముందు పోయేవి పసుపు, మెజెంటా. మిగిలేది సయాన్, నలుపు. అట్టల్ని ఫ్రేము కట్టించి కిటికీ ఎదురుగా పెట్టుకున్న మిత్రుడొకరు నాకున్నారు. ఆయన దగ్గర దేవుళ్లూ, దొంగలూ, డిటెక్టివులూ అందరూ శ్రీకృష్ణుడి రంగులోనే ఉన్నారు.

ఇంకొక్కటి చూపించి ముగిస్తాను. దీన్ని బయటికి తేవడం ఇదే మొదటిసారి.

ఇది అట్ట కాదు, అట్టకి వేసిన ఒరిజినల్. కార్డు మీద పోస్టర్ కలర్. పుస్తకం సైజుకి రెండింతలు ఉంటుంది. లాంతరు పట్టుకున్న ఆడమనిషి, వెనక మెట్లు, మెట్ల పైన ఒక చేయి మాత్రమే. బహుశా 1983లోనో 84లోనో మా ప్రెస్సుకి వచ్చింది. అప్పట్లో పద్ధతి ఏంటంటే, ప్లేటు చేశాక ఒరిజినల్ ఎవరూ తిరిగి అడిగేవాళ్లు కాదు. ప్రచురణకర్త అడగడు, చిత్రకారుడికి ఇచ్చే నాలుగు రాళ్లతోనే సరి. ఇలాంటివి మా గదిలో సిరా డబ్బాల కింద, లైట్ టేబుల్ కాలు కింద దొర్లేవి. ఏడాదికోసారి పాతపేపర్లతనికి కట్టలు కట్టి ఇచ్చేవాళ్లం. ఎన్ని ఇచ్చామో లెక్క లేదు. ఇది మాత్రం ఎందుకు మిగిలిందో వెనక్కి తిప్పితే తెలుస్తుంది. ఇదిగో, పెన్సిలుతో, నా చేతిరాతే. ‘టీలు 14, ఉస్మానియా 6, సమోసా 4, బాకీ.’ క్యాంటీన్ బాకీ లెక్క ఉందని ఇది పారేయలేదు.

పక్కన పెడుతున్నది అచ్చయిన నవల. ఇది రెండేళ్ల కిందట ఆబిడ్స్‌లో 15 రూపాయలకి దొరికింది. చూడగానే కాళ్లు వణికాయి, ఆ లాంతరు నేను మర్చిపోతానా. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒరిజినల్‌లో కింద కుడి మూల, మెట్టు చివర సంతకం ఉంది. అచ్చయిన అట్టలో లేదు. మూడువైపులా కోతకి వదిలే మూడు మిల్లీమీటర్లలో అది పోయింది. బొమ్మని బోర్డుకి బిగించి, ఎక్కడిదాకా తీయాలో గీత గీసింది నేనే. లోపల ఆ పేరు ఎక్కడా వేయలేదు. అచ్చు ఎక్కడో, ప్రూఫ్ దిద్దింది ఎవరో వేశారు, బొమ్మ ఎవరిదో వేయలేదు.

సంతకం రెండక్షరాలు. మొదటిది ‘సూ’లా ఉంది. రెండోది నాకు అంతుబట్టలేదు, పాతికమందికి చూపించాను, పాతిక రకాలుగా చెప్పారు. మీలో పెద్దవాళ్లున్నారు, ఆ రోజుల్లో పత్రికల్లో పనిచేసినవాళ్లున్నారు. ఇదిగో, గాజు ఇక్కడే పెడుతున్నాను. ఒక్కొక్కరూ వచ్చి చూడండి. టీ గ్లాసులు మాత్రం కుర్చీ దగ్గరే పెట్టి రండి.